కుక్క పాకకి కింద ఏ నేల వెయ్యాలి?



పోయిన నెల మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. "మల్బరీ తోట దగ్గర కుక్కకి పాక కడుతున్నాను, కింద ఏటి వెయ్యమంటారు, సిమెంటా, బండలా?" అని. పది మంది పది రకాలుగా చెప్పారు. ఒకాయన నవ్వు బొమ్మ పెట్టి, ముందు పురుగులకి మంచి షెడ్డు కట్టుకో, కుక్క సంగతి తర్వాత చూడొచ్చు అన్నాడు. నేను ఆ రోజు ఏమీ రాయలేదు. రాయాలంటే నా పంట ఎలా పోయిందో కూడా రాయాలి, అందుకని ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మాది తెరుబలి పక్కన. తోట ఇంటికి దూరం. మేకలు, పశువులు తోటలో పడకుండా, గూళ్లు అల్లుకున్న నాలుగు రోజులు ఎవరూ చెయ్యి పెట్టకుండా ఒక కుక్క ఉండాల్సిందే. ఎలకలు కూడా కుక్క వాసన ఉంటే కొంచెం తగ్గుతాయి. మా నల్లోడు ఊరకుక్కే, జాతి గీతి ఏమీ లేదు. వాడికి మొదట్లో షెడ్డుకి ఇరవై అడుగుల దూరంలో చిన్న పాక కట్టాను. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, పైన రేకు. కింద మట్టిని కాళ్లతో తొక్కి, దాని మీద అంగుళం మందాన సిమెంటు పూత పూసేశాను. కంకర లేదు, దిమ్మిస కొట్టలేదు, వాలు లేదు. కుక్కకే కదా అనుకున్నాను.

ఒక్క వానాకాలంలో కింద మట్టి దిగిపోయింది. పూత నెర్రెలిచ్చింది. ఆ నెర్రెల్లో పిడుదులు చేరాయి. తర్వాతి ఎండాకాలానికి నల్లోడి చెవుల నిండా అవే. చేత్తో తీసి కిరసనాయిల్లో వేస్తే రెండు రోజులకి మళ్లీ అన్నీ. మందుల కొట్టుకెళ్లి అడిగితే పశువుల మీద కొట్టే డెల్టామెత్రిన్ ఇచ్చారు. నీళ్లలో కలిపి కుక్కకి పూసి, నేలకీ గోడలకీ చేతి పంపుతో కొట్టాను. అప్పటికి లోపల నా పురుగులు నాలుగో జ్వరం లేచి నాలుగో రోజు. వంద గుడ్ల పంట. గాలి పాక వైపు నుంచి షెడ్డు వైపు. అదే చొక్కాతో వెళ్లి ఆకు కోసుకొచ్చి వేశాను. పాక పక్క సాలులోని ఆకు కూడా కోశాను.

సాయంత్రానికి పురుగులు తలలెత్తి అటూ ఇటూ ఊపడం మొదలెట్టాయి. నోట్లోంచి పచ్చటి నీళ్లు కక్కుతున్నాయి. ఒళ్లు మెలికలు తిప్పి, కుంచించుకుపోయి, తట్ట అంచుల్లోంచి రాలిపోతున్నాయి. పాలరోగం కాదు, సున్నపుకట్టు కాదు, రోగమైతే ఇంత బేగి రాదు. తెల్లారేసరికి సగం పోయాయి. మిగిలినవి కట్టిన గూళ్లు పల్చగా, నొక్కితే సొట్ట పడేలా వచ్చాయి. తప్పు ఎవరిదీ కాదు, నాదే. డబ్బా మీద ఏమి రాసి ఉందో చదవలేదు, కొట్టతనికి నేను పట్టు రైతునని చెప్పలేదు.

నేల గురించి రాస్తానని ఈ కథేంటి అంటారేమో. నేల నెర్రెలివ్వకపోతే పిడుదులు నిలవవు, పిడుదులు లేకపోతే మందు కొట్టే పని లేదు, మందు కొట్టకపోతే నా పంట నాకుండేది. మామూలోళ్లు కుక్క పాక కడితే కుక్క ఒక్కదాని గురించి ఆలోచిస్తే చాలు. మనకి పక్కనే నలభై యాభై వేల పురుగులు మేస్తుంటాయి.

పిడుదు సంగతి ముందు చెప్తాను. కుక్కలకి పట్టే గోధుమరంగు పిడుదు తన బతుకులో ఎక్కువ కాలం కుక్క మీద ఉండదు. రక్తం తాగి కిందకి దిగి, నెర్రెలోనో గోడ పగుల్లోనో రేకు సందులోనో దూరుతుంది. అక్కడే చర్మం వదులుతుంది, అక్కడే గుడ్లు పెడుతుంది. ఒక్క ఆడ పిడుదు వేల గుడ్లు పెడుతుంది. తిండి లేకపోయినా నెలల తరబడి బతికి ఉంటుంది. కాబట్టి కుక్క ఒంటి మీద నాలుగు తీసేస్తే అయిపోయినట్టు కాదు, మిగతా సంతంతా నేలలో ఉంది. దాని వల్ల కుక్కకి జ్వరం, రక్తం తగ్గిపోవడం, ముక్కులోంచి రక్తం కారడం లాంటి జబ్బులొస్తాయి. అందుకని నేల ఎంచుకునేటప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న, ఇందులో సందులెన్ని అని.

ఇక ఒక్కో నేల చూద్దాం.

మట్టి నేల. మన పెద్దోళ్ల పద్ధతి, పేడతో అలికిన మట్టి. ఎండాకాలం చల్లగా ఉంటుంది, కుక్కకి మోచేతులు ఒరుసుకోవు, ఖర్చు లేదు. పొడి ప్రాంతంలో అయితే నేను కాదనను. కానీ మన దగ్గర జూన్ నుంచి అక్టోబరు దాకా నేల ఆరేదెప్పుడు? ఉచ్చ ఇంకిపోయి వాసన పడుతుంది. కుక్క తవ్వుతుంది, గుంటలో నీళ్లు నిలుస్తాయి. తడిసిన మట్టిలో కొంకి పురుగు పిల్లలు బతుకుతాయి, అవి కుక్క కాళ్లలోంచే ఒంట్లోకి వెళ్తాయి. మనం చెప్పుల్లేకుండా తిరిగితే మన పాదాల చర్మంలోకి కూడా దూరి, ఎర్రగా పాము పాకినట్టు గీత గీస్తూ దురద పెడతాయి. చిన్న పిల్లలున్న ఇంట్లో ఇది చూసుకోవాలి. ఎలకల ఉచ్చ కలిసిన నీళ్లు నిలిచే చోట లెప్టో జ్వరం కూడా కుక్కకీ మనిషికీ వస్తుంది. ఆ టీకా కుక్కకి వేయించండి.

ఇసుక, గులకరాళ్లు ఎక్కువ రాయను. నాగావళి ఇసుక పోస్తే వారం రోజులు బాగుంటుంది, తర్వాత అది పిల్లులకీ ఈగలకీ ఉపయోగం. గులకరాళ్లలోంచి నీళ్లు బేగి దిగిపోతాయి నిజమే, కానీ మలం ఎత్తడం కష్టం, కొన్ని కుక్కపిల్లలు రాళ్లు మింగుతాయి. పదునున్న కంకర అయితే కాళ్లు కోసుకుంటాయి. పాక బయట, నీళ్లు దిగే గుంటలో వెయ్యడానికి గులక మంచిదే.

బండలు. చాలా మంది అడిగేది ఇదే. నాపరాళ్లు నున్నగా ఉంటాయి, కడగడం తేలిక. కానీ బండకీ బండకీ మధ్య అతుకు ఉంటుంది, ఆ అతుకులోని సిమెంటు ఊడితే మళ్లీ పిడుదులే. తడిస్తే జారతాయి. ముసలి కుక్క వెనక కాళ్లు జారి తుంటి పట్టేస్తుంది. మన కొండల్లో దొరికే ఎర్రటి రాయి గురించి ఒకాయన అడిగాడు. దాన్ని ఖొండలైట్ అంటారు, ఇక్కడి ఖోండు ప్రజల పేరు మీదే భూగర్భ శాస్త్రం వాళ్లు ఆ పేరు పెట్టారు. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, ఎండకీ వానకీ పైపొర మెత్తబడి రాలుతుంది, నీళ్లు పీలుస్తుంది. పునాదికి వాడండి, కుక్క పడుకునే చోటకి వద్దు.

సిమెంటు కాంక్రీటు. నా మాట అడిగితే మన ఊళ్లలో కింద ఇదే వెయ్యాలి, కానీ నేను మొదట వేసినట్టు కాదు.

ముందు ఎత్తు. పాక నేల చుట్టూ ఉన్న భూమి కంటే కనీసం అడుగు పైకి ఉండాలి. 2017 జులైలో తెరుబలికీ సింగపూర్ రోడ్ స్టేషనుకీ మధ్య రైలు వంతెన వరదకి కొట్టుకుపోయింది, గుర్తుందా? ఆ వాన చూసినోడెవడూ పల్లంలో ఏదీ కట్టడు. అంత వరద ఏటా రాదు, కానీ చెరుకు బండి దారంత నీరు మాత్రం ఏటా వస్తుంది. కట్టేసిన కుక్క ఈదలేదు.

మట్టి పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో పొరలు పొరలుగా కొట్టాలి. పైన ఇటుక ముక్కలో రాతి ముక్కలో ఒక పొర. దాని మీద నాలుగు అంగుళాల కాంక్రీటు, ఒకటి సిమెంటు, రెండు ఇసుక, నాలుగు చిప్స్. ఆరు అడుగులకి నాలుగు అడుగుల నేలకి ఒకటిన్నర బస్తా సిమెంటు పడుతుంది, అంచుల గట్టుతో కలిపి రెండు బస్తాలు చూసుకోండి. ఇసుక మూడున్నర ఘనపుటడుగులు, చిప్స్ ఏడు. ఇంతకంటే మేస్త్రీ ఎక్కువ రాస్తే ఎందుకని అడగండి.

వాలు మర్చిపోవద్దు. అడుగుకి పావు అంగుళం, అంటే నాలుగడుగుల వెడల్పుకి ఒక అంగుళం. తాపీతో నున్నగా తీర్చనివ్వకండి. పైన ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు చీపురుతో వాలు దిక్కుగా ఒకసారి లాగితే సన్నటి గీతలు పడతాయి, కాలు జారదు, నీరు జారిపోతుంది. మరీ లోతు గీతలు గీస్తే వాటిలో మురికి నిలుస్తుంది. గోడా నేలా కలిసే మూల దగ్గర లంబంగా వదిలెయ్యకుండా గుండ్రంగా పూయించండి. మూలలోనే పిడుదులు చేరేది. ఈ ఒక్క పనీ మా మేస్త్రీ మూడుసార్లు ఎందుకని అడిగాడు, నాలుగోసారి చేశాడు.

వారం పది రోజులు నీళ్లు పెట్టి తడపాలి. ఆ రోజుల్లో కుక్కని ఎక్కనివ్వకండి. పచ్చి సిమెంటు సున్నం లాగే కాళ్లని కాలుస్తుంది, కుక్క నాకుతుంది, నోరు పొక్కుతుంది.

వాలు ఎటు ఉండాలి అంటే, షెడ్డుకీ ఆకు తోటకీ వ్యతిరేకంగా. నీరు పోయి పడే చోట రెండడుగుల గుంట తీసి గులక నింపండి. మల్బరీ సాలులోకి కుక్క ఉచ్చ కాలువ తిప్పి ఎరువు అయిపోతుందిలే అనుకునేవాళ్లున్నారు. చాకీకి వేసే లేత ఆకు మీద ఆ చిందులు పడితే తెలుస్తుంది.

ఇంతా చేసి వట్టి కాంక్రీటు మీద కుక్కని పడుకోబెట్టకండి. ఇక్కడ చాలా మంది ఆగిపోతారు. కాంక్రీటు కడగడానికి మంచిది, పడుకోవడానికి కాదు. మే నెలలో ఎండ తగిలితే పెనం. జనవరి తెల్లారుజామున మంచు గడ్డ. గట్టి నేల మీద రోజూ పడుకుంటే మోచేతుల దగ్గర వెంట్రుకలు ఊడి, చర్మం మొద్దుబారి, ఒక్కోసారి నీరు చేరి బుడ్డలా వస్తుంది. నల్లోడికి ఎడమ మోచేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

అందుకని మంచం. నవ్వకండి. పాత నవారు మంచం కోళ్లు కోసి, నేలకి తొమ్మిది అంగుళాల ఎత్తులో ఉండేలా చేసి లోపల పెట్టాను. కింద గాలి ఆడుతుంది, తడి తగలదు, మంచం బయటికి లాగి నేల కడుక్కోవచ్చు, మంచాన్ని ఎండలో పడెయ్యొచ్చు. నులక కంటే నవారు మేలు. నులక సందుల్లో పిడుదులు దాక్కుంటాయి, పైగా కుక్క కొరికేస్తుంది. ప్లాస్టిక్ నవారు ఉతికితే పోతుంది. వారానికోసారి మంచాన్ని నిలబెట్టి పట్టెల సందుల్లో మరిగే నీళ్లు పొయ్యండి. మరిగే నీళ్లకి పిడుదు చస్తుంది, పక్కన పురుగులకి ఏ హానీ లేదు. ఆ ఖర్చు కట్టెలే.

చెక్క బల్ల వేసుకుంటామంటే వేసుకోండి. పలకల మధ్య సందు కుక్క వేలు దూరనంత ఉండాలి. చెక్క ఉచ్చ పీలుస్తుంది, చెదలు పడుతుంది, రెండేళ్లకి మార్చాలి. చెదలకి మందు పూస్తే అది కూడా పురుగుల మందే అని గుర్తుంచుకోండి. పశువుల రబ్బరు మ్యాటు మెత్తగా ఉంటుంది, నీడలో అయితే సరే. కానీ రోజూ ఎత్తి కింద ఆరబెట్టకపోతే దాని కింద తడి, కంపు. నమిలే కుక్క అయితే ముక్కలు మింగుతుంది. ఇనప జాలీ మీద మాత్రం కుక్కని నిలబెట్టకండి, వేళ్ల మధ్య పుండ్లు పడతాయి.

ఇప్పుడు మన పట్టు రైతులు మాత్రమే చేసే తప్పులు కొన్ని. నేనూ చేశాను.

పాత చంద్రికలు. వెదురు చంద్రిక పాడైతే పారెయ్యబుద్ధి కాదు, కుక్క కింద పరుస్తాం. ఆ వెదురు సందుల్లో పోయిన పంటల రోగాలన్నీ ఉంటాయి. పెబ్రిన్ బీజాలు, సున్నపుకట్టు బూజు దుమ్ము. కుక్కకేం కాదు. కానీ కుక్క దాని మీద పొర్లి లేచి షెడ్డు గుమ్మం దగ్గరకొస్తుంది. పాతది కాల్చెయ్యండి. ప్లాస్టిక్ నేత్రికలు కూడా పరవొద్దు, కాలి గోళ్లు ఇరుక్కుంటాయి.

వరిగడ్డి. చలికాలం మంచం మీద గుప్పెడు గడ్డి వేస్తే కుక్కకి సుఖం. కానీ తడిసిన గడ్డి నాలుగు రోజుల్లో బూజు పడుతుంది. ఆ పచ్చబూజుల్లో ఆస్పర్‌జిల్లస్ అనే జాతి మన చాకీ పురుగులకి పడుతుంది. చాకీ నడుస్తున్నప్పుడు గడ్డి మానేసి పాత గోనె సంచి వెయ్యండి, రెండు రోజులకొకటి మార్చండి. ఆ సంచి ఎరువుదో మందుదో కాకూడదు, బియ్యం సంచి వాడండి.

పురుగుల పడక చెత్త. మేసిన కొమ్మలు, పెంటికలు మెత్తగా ఉంటాయి కదా అని పాకలో పోసేవాళ్లని చూశాను. అందులో విజేత పౌడరు, సున్నం, చచ్చిన పురుగులు అన్నీ కలిసే ఉంటాయి. అది ఎరువు గుంటలోకే వెళ్లాలి. చచ్చిన పురుగుల్ని లోతుగా పూడ్చి పైన రాయి పెట్టండి. లేకపోతే కుక్క తవ్వి నోటితో పట్టుకొచ్చి మీ గుమ్మంలోనే పెడుతుంది.

గుమ్మం దగ్గర తడి గోనె. ఇది చాలా మందికి తట్టదు. మనం కాళ్లు తుడుచుకోవడానికి బ్లీచింగు, సున్నం నీళ్లలో తడిపిన సంచి గుమ్మంలో వేస్తాం. ఎండాకాలం ఊళ్లో అన్నిటికంటే చల్లటి చోటు అదే! నల్లోడు వెళ్లి దాని మీద బోర్లా పడుకునేవాడు. పొట్ట చర్మం ఎర్రగా కాలి పొలుసు లేచింది. కుక్కకి చల్లటి చోటు మనమే చూపించకపోతే అది వెతుక్కుంటుంది. అందుకని పాక బయట, చెట్టు నీడలో, నాలుగడుగుల మేర మట్టి వదిలేశాను. ఎండాకాలం మధ్యాహ్నం నీళ్లు చల్లితే అక్కడ గుంట తీసుకుని పడుకుంటాడు, రాత్రికి మంచం. మట్టి నేల మీద ఇంత రాసి మళ్లీ మట్టి వదిలానంటే, పగలు రెండు గంటలు పడుకునే చోటు వేరు, రాత్రంతా మూసి ఉంచే చోటు వేరు. వానాకాలం అటు తడిక అడ్డం పెట్టేస్తాను.

కడగడం గురించి. మన దగ్గర బ్లీచింగు పౌడరు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అదే తీసి ఉచ్చ మీద చల్లేస్తాం. చెయ్యొద్దు. ఉచ్చలోని అమ్మోనియాతో బ్లీచింగు కలిస్తే ఘాటు విషగాలి వస్తుంది, రేకు కింద చిన్న పాకలో మీకూ కుక్కకీ గొంతు పట్టేస్తుంది. ముందు మలం ఎత్తి, వట్టి నీళ్లతో బాగా కడిగి, తర్వాత బ్లీచింగు నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి, మళ్లీ కడిగి, ఆరాక కుక్కని వదలాలి. షెడ్డుకి ఫార్మలిన్ కొట్టే రోజు కుక్కని ఇంటికి తీసుకుపోండి. పొడి సున్నం నేల మీద చల్లి దాని మీద కుక్కని వదలొద్దు, తడి కాళ్లకి తగిలితే కాలుతుంది. గోడకి సున్నం వేసి బాగా ఆరనిస్తే మాత్రం మంచిదే, పగుళ్లు పూడతాయి.

ఇన్ని చేసినా పిడుదులు అసలు రావని చెప్పను. వస్తే పైరెత్రాయిడ్ మందులు, అంటే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటివి, ఫిప్రోనిల్ కూడా, పంట ఉన్నప్పుడు తోట ఛాయలకి తేవద్దు. పట్టుపురుగుకి వీటి చుక్కలో వెయ్యో వంతు చాలు. పిడుదుల కోసం కుక్కకి నోటితో ఇచ్చే మాత్రలు ఇప్పుడు ఉన్నాయి. బరువుని బట్టి పశువుల డాక్టరే చెప్పాలి, మూర్ఛలున్న కుక్కకి కొన్ని ఇవ్వకూడదు కాబట్టి మీ అంతట మీరు కొనొద్దు. డాక్టరుకి మొదటి మాటగా "మాది పట్టు పెంపకం" అని చెప్పండి. ఒంటికి రాసే మందు తప్పదంటే పంట తీసేశాక, తర్వాతి గుడ్లు రాకముందు, కుక్కని ఇంటి దగ్గర ఉంచి రాయండి. మందు రాసినవాళ్లు ఆకు కొయ్యకూడదు.

పాక ఎక్కడ కట్టాలో కూడా చెప్పేస్తాను. నాది ఇరవై అడుగుల నుంచి ఇప్పుడు డెబ్బై అడుగులకి మార్చాను, తోట గేటు పక్కన. మన వైపు వాన నైరుతి నుంచి కొడుతుంది, చలిగాలి ఉత్తరం నుంచి. అందుకని తలుపు తూర్పుకి పెట్టాను, పొద్దుటి ఎండ నేల ఆరబెడుతుంది.

గొలుసు సంగతి ఒక్క మాట. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోనే మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టెయ్యడం, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కని తిప్పకపోవడం నేరమని ఉంది. చట్టం అలా ఉంచండి, కట్టేసిన చోటే ఉచ్చ పోసి అక్కడే పడుకునే కుక్కకి ఏ నేల వేసినా పుండ్లే. మేము పొద్దున్నే ఆకు కొయ్యడానికి వెళ్లేటప్పుడు విప్పుతాం. వాడి పని బయటే చేసుకొస్తాడు, పాక కడిగే పని సగం తగ్గుతుంది.

కొత్త నేల వేసి రెండు వానాకాలాలు అయింది. ఒక మూల వెంట్రుక మందాన నెర్రె కనిపిస్తే మొన్న సిమెంటు పాలు పోసి పూడ్చాను. పంట నడుస్తోంది, రేపో ఎల్లుండో పండు పురుగులు ఏరాలి. నల్లోడు మంచం మీదే ఉన్నాడు. కోళ్లు ఎంత కోశానో, పట్టెలు ఎలా బిగించానో కొలతలు కాగితం మీద గీసి ఫోటో తీసి రాత్రికి గ్రూపులో పెడతాను. ఆ తమ్ముడు పునాది తవ్వకముందే చూసుకుంటే మంచిది.